నిర్బంధ సైనికసేవ: పాలమూరు నేర్పు పాఠము

ఐరోపాఖండమున నిర్బంధ సైనికసేవ మరల తలయెత్తినది. ఇక యుద్ధములు రావను ధీమాతో అచ్చటి రాజ్యములు ఒకదాని వెంట నొకటి యీ పద్ధతిని విడనాడియుండెను. జర్మనీ 2011లో దానిని నిలిపివేసినది. కాని తూర్పుదిక్కున మబ్బు క్రమ్ముట గాంచి లిథువేనియా 2015లోను, స్వీడను 2017లోను పాతదారిని పట్టినవి. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తిన పిమ్మట ఆ ధీమా పూర్తిగా సడలినది. 2023లో లాట్వియా వారి ననుసరించినది. 2025 జూలై నుండి డెన్మార్కు స్త్రీలను సైతము ఈ బాధ్యతలోనికి చేర్చినది. అదే సంవత్సరము అక్టోబరులో క్రొయేషియా శాసనసభ పునరుద్ధరణమునకు సమ్మతించినది. డిసెంబరులో జర్మను శాసనసభ పదునెనిమిదేండ్లు వచ్చిన ప్రతి యువకుడును తన దేహస్థితిని, ఇష్టమును తెలుపుచు ప్రశ్నాపత్రమునకు సమాధానము పంపితీరవలయునని శాసించి, సేవను మాత్రము ఐచ్ఛికముగనే యుంచినది. మనకు పొరుగుననున్న బర్మాలో సైనికప్రభుత్వము 2010 నాటి శాసనమును 2024 ఫిబ్రవరిలో అమలులో పెట్టగా, పట్టుబడుదుమను భయముచే యువకులు సరిహద్దులు దాటి పోసాగిరి.

ఇట్టి వార్తలు చదివిన మనవారు కొందరు, “మనదేశమునకును ఇదియే తగిన మందు” అని పలుకుచున్నారు. సరిహద్దున అలజడి కలిగినప్పుడెల్ల ఈ మాట వినబడుట పరిపాటి. ప్రతి యువకుడును రెండేండ్లు సైన్యమున నుండిన యెడల క్రమశిక్షణ అలవడుననియు, సోమరితనము తొలగుననియు, కులభేదములు సమయుననియు వారి వాదము. 2018లో పార్లమెంటు రక్షణశాఖా స్థాయీసంఘము, గెజిటెడు ఉద్యోగములను కోరువారు ముందుగా ఐదేండ్లు సైన్యమున పనిచేయవలయునను సూచన చేసినది. ఈ కోరికను పరిహసించుట మా యుద్దేశము కాదు. దేశరక్షణము కొందరి జీతపు పని మాత్రమే యని తలచుట ఏ జాతికిని క్షేమకరము కాదు. కాని ఒక శాసనమును కోరుటకు ముందు, ఆ శాసనము గ్రామమునకు వచ్చునప్పటికి ఏ రూపము దాల్చునో యోచింపవలయును. ఆ యోచనకు మహబూబ్‌నగరు మండలమును మించిన పాఠశాల లేదని మా విశ్వాసము.

మొదట ఒక సత్యమును గుర్తింపవలయును. భారతీయులను నిర్బంధముగ సైన్యమున చేర్చు సామాన్యశాసనము మనదేశమున ఏనాడును లేదు. ఆంగ్లప్రభుత్వము 1917లోను, 1940లోను నిర్బంధసేవా శాసనములను చేసినమాట నిజమే. కాని యవి మనదేశమున నివసించు ఐరోపీయులకే వర్తించినవి. మొదటి మహాయుద్ధమున పదిలక్షలకు మించిన భారతీయులు సముద్రములు దాటి పోయిరి. రెండవ యుద్ధమునాటికి మన సైన్యము ఇరువదియైదు లక్షలకు పెరిగినది. చరిత్రకారులు దీనిని లోకములోనెల్ల పెద్దదైన స్వచ్ఛందసైన్యముగ వర్ణింతురు. మన తెలుగునాటనే పశ్చిమగోదావరి మండలమునందలి మాధవరము మొదటి యుద్ధమునకు సుమారు తొంబదిమందిని, రెండవదానికి వేయిమందికి మించి పంపిన గ్రామముగా ప్రసిద్ధికెక్కి, నేటికిని మిలిటరీ మాధవరమని పిలువబడుచున్నది. తెలుగువారు యుద్ధమునకు పనికిరారని తీర్మానించి, వారిని సైన్యమునుండి క్రమముగ తొలగించిన లార్డు రాబర్ట్సు సిద్ధాంతమునకు ఆ గ్రామమే చాలిన ప్రత్యుత్తరము.

అయినను స్వచ్ఛందమను పేరుతో జరిగినదంతయు స్వచ్ఛందము కాదు. 1917, 1918 సంవత్సరములలో పంజాబునందు ఓడ్వయరు పాలనలో జిల్లాకింత, గ్రామమునకింత యని లెక్కలు కట్టబడినవి. ఆ లెక్క నింపవలసిన భారము గ్రామాధికారులపై పడినది. గ్రామాధికారి తన యింటివానిని, తన బంధువును, తనకు బాకీపడని వానిని విడిచి, నోరులేనివాని పేరు వ్రాసెను. 1920లో వెలువడిన కాంగ్రెసు విచారణసంఘపు నివేదిక ఈ బలాత్కారములను లోకమునకు తెలిపినది. అదే 1918లో గాంధీమహాత్ముడు ఖేడా మండలమున ఊరూర తిరిగి, సైన్యమున చేరుడని బలవంతము లేక ప్రబోధింపగా, చేరినవారు అత్యల్పులు. లెక్క నిచ్చి గ్రామమును అడిగినచో జనము దొరకును. మనసును అడిగినచో మనసు దొరకవలయును. ఈ రెంటికిని గల భేదమే ప్రస్తుతచర్చకు మూలము.

ఇక మన సీమకు వత్తము. సేవకు భూమిని, భూమికి సేవను ముడిపెట్టుట తెలుగునాట ప్రాచీనాచారము. కాకతీయులనాటి నాయంకరములు, విజయనగరమునాటి అమరములు ఈ పద్ధతివే. నాయకుడు గ్రామముల ఆదాయము ననుభవించి, రాజు పిలిచినప్పుడు ఇన్ని గుఱ్ఱములతో, ఇందరు బంట్లతో రావలయును. పాలమూరు సంస్థానములైన గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింతలు ఈ సంప్రదాయపు శేషములే. పందొమ్మిదవ శతాబ్దమున వనపర్తి రాజు రామేశ్వరరావు ఆఫ్రికాఖండమునుండి వచ్చిన సిద్దీలతో అశ్వికదళమును కూర్చెను. అది తరువాత నైజాము సేనలో చేరినది. హైదరాబాదునందలి ఏ.సీ. గార్డ్సు అను పేట దాని జ్ఞాపకమును నేటికిని నిలుపుచున్నది. ఈ చరిత్రయందు గర్వింపదగినది కలదు. కాని ఒక సంగతి మరువరాదు. సేవకు ప్రతిఫలమైన భూమి ప్రభువుపేర నుండెను. యుద్ధమున నేలగూలిన దేహము బంటుది. సొమ్మొకనిది, సోకొకనిది అను సామెత ఇచ్చట అక్షరాల నిజమైనది.

యుద్ధములు సమసిన పిమ్మట ఆ బంటుసేవ ఏమైనది? ఖడ్గము పోయి కావడి వచ్చినది. అదియే వెట్టి. సరకారు అధికారి దౌరాకు వచ్చుచున్నాడన్న కబురు తాలూకా నుండి గ్రామమునకు వచ్చును. పటేలు, పట్వారీలకు ఆజ్ఞ యందును. వారు బేగారిని పిలుతురు. బేగారి చాకలియింటికి, కుమ్మరియింటికి, మాదిగపల్లెకు పోవును. సామాను మోయవలసినది వారు, నీరు తోడవలసినది వారు, గడ్డి, కట్టెలు, కోళ్లు తేవలసినది వారు. ఆజ్ఞ పైనుండి బయలుదేరునప్పుడు అది “గ్రామమునకు” ఆజ్ఞ. కూలిదినము పోగొట్టుకొనువాడు మాత్రము ఎప్పుడును ఆ నాలుగైదిండ్లవాడే. అధికారికి చేసిన వెట్టి గడీలోని దొరకును చేయవలసివచ్చెను. ప్రజాప్రయోజనమను పేరుతో మొదలైనది ప్రభువు ప్రయోజనముగ ముగిసెను.

ఈ దురాచారముపై పోరాడిన ఘనత మన పెద్దలది. 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరి నిర్మూలనమును తన తొలికార్యములలో చేర్చుకొనెను. మాడపాటి హనుమంతరావుగారు ఈ విషయమున చేసిన కృషి చిరస్మరణీయము. పాలమూరు బిడ్డలైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1930లో జోగిపేటయందును, బూర్గుల రామకృష్ణారావుగారు మరుసటియేట నల్లగొండ మండలమునందలి దేవరకొండయందును ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిరి. 1936లో మహాసభ పాలమూరు మండలమునందలి షాద్‌నగరున సమావేశమైనది. ఆ సభలలో కూర్చున్నవారిలో పెక్కురు భూస్వాములు, వకీళ్లు, వర్తకులే. తమ యింటికి లాభము కలిగించు దురాచారమును తామే ఖండించుటకు కావలసిన ధైర్యము సామాన్యమైనది కాదు. ఆ ధైర్యమునకు వారసులైన మన పాఠకులకే నేడు ఈ ప్రశ్నను నివేదించుచున్నాము.

మరియొక జ్ఞాపకమును గూడ ఇచ్చట చెప్పక తప్పదు. రజాకారు అను పదమునకు అర్థము స్వచ్ఛందసేవకుడు. 1947, 1948 సంవత్సరములలో ఆ పేరు ధరించిన సాయుధులు తెలంగాణమున చేసిన దౌష్ట్యములను పాలమూరు, నల్లగొండ గ్రామములు తరతరములుగ చెప్పుకొనుచున్నవి. చేతికి ఆయుధమిచ్చుట సులభము. ఆ చేతిని చట్టమునకు లోబరచుట కష్టము. లోబరచని యెడల కంచెయే చేను మేయును. 1948 సెప్టెంబరు 17న ఆ ప్రభుత్వము లొంగిపోయినది. కాని ఆయుధములు గ్రామములలోనికి దిగిన పిమ్మట శాంతి వెంటనే రాలేదు. నల్లగొండ మండలమున పోరాటము 1951 వరకు సాగినది. కావున యువజనులందరికి ఆయుధశిక్షణ యను మాట విన్నంతనే ఉప్పొంగువారు, ఆ శిక్షణ ఎవరి యధీనమున, ఏ శాసనమునకు లోబడి జరుగునో మొదట విచారింపవలయును.

స్వతంత్రభారత రాజ్యాంగనిర్మాతలు ఈ సమస్యను విస్మరింపలేదు. రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించి, దానిని శిక్షార్హమైన అపరాధముగ చేసినది. ఆ అధికరణముననే రెండవఖండమున, ప్రజాప్రయోజనముకొరకు నిర్బంధసేవను విధించు అధికారము రాజ్యమునకు కలదని చెప్పి, అట్టి సేవ విధించునప్పుడు కేవలము మతమును బట్టి గాని, జాతిని బట్టి గాని, కులమును బట్టి గాని, వర్గమును బట్టి గాని పక్షపాతము చూపరాదని కట్టుబాటు చేసినది. వెట్టిని నిషేధించిన వాక్యమును, నిర్బంధసేవను అనుమతించిన వాక్యమును ఒక్కచోటనే నిలిపిరి. ఈ రెంటికిని నడుమ గోడ సమత్వమే. కులము చూడక, కలిమి చూడక పిలిచిన యెడల అది దేశసేవ. చూచి పిలిచిన యెడల అది వెట్టి. 1976లో చేరిన 51ఏ అధికరణము దేశమును రక్షించుటయు, పిలిచినప్పుడు జాతీయసేవ చేయుటయు పౌరుని విధులని పేర్కొన్నది. అనగా అధికారము రాజ్యమునకు కలదు. ఇంతకాలము దానిని పూర్తిగా ప్రయోగింపక నిగ్రహము చూపినది.

ఆ దిశగ కొన్ని యడుగులు పడకపోలేదు. పండిత హృదయనాథ కుంజ్రూ సంఘపు సిఫారసుపై 1948లో నేషనల్ క్యాడెట్ కోరు స్థాపింపబడినది. చైనాతో యుద్ధము జరిగిన పిమ్మట, 1963లో, కళాశాల విద్యార్థులకు ఈ శిక్షణము నిర్బంధము చేయబడినది. అయిదేండ్లు గడవకముందే లోపములు బయటపడినవి. ఇందరు విద్యార్థులకు చాలినంత శిక్షకులు లేరు, దుస్తులు లేవు, తుపాకులు లేవు. హాజరుపట్టీ నింపుటయే శిక్షణమైనది. 1968లో దానిని మరల ఐచ్ఛికము చేసిరి. మరుసటియేట జాతీయసేవాపథకము ఆరంభమైనది. బలవంతము తొలగినను ఆ సంస్థ క్షీణింపలేదు. నేడు పదిలక్షలకు మించిన బాలబాలికలు ఇష్టపూర్వకముగ అందు శిక్షణ పొందుచున్నారు. బంగ్లాదేశ యుద్ధానంతరము, 1972లో, వైద్యులను, ఇంజనీర్లను నాలుగేండ్లవరకు జాతీయసేవకు పిలుచుటకు వీలు కల్పించు శాసనము చేయబడినది. ఆ శాసనమును ఆధారముగొని నిర్బంధసైన్యము వెలయలేదు.

ఇప్పుడు లెక్క చూతము. మనదేశమున ఏటేట పదునెనిమిదేండ్లు నిండువారు రెండుకోట్లకు మించియుందురు. పురుషులనే లెక్కించినను కోటికి తక్కువ కారు. త్రివిధదళములలో పనిచేయువారందరు కలసి సుమారు పదునాలుగు లక్షలు. ఏటికి కోటిమందిని రెండేండ్లు ఉంచుకొనవలయునన్నచో, ఇప్పటి సైన్యమునకు పదునాలుగింతల జనమునకు తిండి, బట్ట, నివాసము, ఆయుధము, శిక్షకులు కావలయును. అది ఏ ఖజానాకును సాధ్యము కాదు. కావున శాసనము “అందరును” అని పలికినను, కార్యమున కొందరినే పిలువవలసివచ్చును. ఆ కొందరెవరు? ఈ ప్రశ్న పుట్టినంతనే మినహాయింపులు పుట్టును. మినహాయింపులు పుట్టినంతనే పాత పటేలు కొత్తవేషమున వచ్చును. చదువుచున్నవానికి వాయిదా, ఒక్కడే కొడుకైనవానికి వాయిదా, వైద్యుని పత్రము తెచ్చినవానికి విముక్తి, విదేశమున సీటు దొరికినవానికి అనుమతి. వడ్డించువాడు మనవాడైన కడబంతిని కూర్చున్ననేమి?

ఇది ఊహామాత్రము కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో వియత్నాము యుద్ధకాలమున కళాశాలలో చదువువారికి వాయిదాలు దొరికినవి. కళాశాల చేరలేని బీదలబిడ్డలే తుపాకి భుజమునకెత్తుకొనిరి. అసంతృప్తి పెరుగగా 1969 డిసెంబరు 1న పుట్టినతేదీలను చీట్లుగ వేసి తీసిరి. 1971లో కొత్త విద్యార్థులకు వాయిదాలు ఆపిరి. 1973లో నిర్బంధమునే విడిచిరి. అంత సంపన్నమైన, అంత చదువు వ్యాపించిన దేశముననే నిర్బంధసేవ ఇట్లు పల్లమునకే ప్రవహించినది. కులము, భూమి, పలుకుబడి అను మూడు గట్లు గల మన గ్రామములలో అది ఎటు ప్రవహించునో వేరుగ చెప్పనేల?

ఎదుటివాదమును గూడ న్యాయముగ చెప్పవలయును. చిన్నదైన సింగపూరు 1967 నుండి నిర్బంధసేవను కట్టుదిట్టముగ నడుపుచున్నది. అచ్చట పౌరుల కుమారులేగాక, స్థిరనివాసము పొందినవారి కుమారులును సుమారు రెండేండ్లు సేవ చేయవలయును. మనవారు ఉద్యోగములకై పోయి స్థిరపడిన కుటుంబములలో సైతము కుమారులు ఆ దుస్తులు తొడుగుచున్నారు. చీనీయుడు, మలయుడు, తమిళుడు, తెలుగువాడు ఒకే పంక్తిలో నిలుచుట ఆ దేశమునకు మేలే చేసినది. అట్లే స్వచ్ఛందసైన్యముపై గల ఆక్షేపణయు బలమైనదే. ఆకలిచే చేరినవాని స్వచ్ఛందము ఎంతవరకు స్వచ్ఛందము? ధనికుని బిడ్డ ప్రవేశపరీక్షలకు చదువుచుండగా పేదవాని బిడ్డ మాత్రమే సరిహద్దున మంచులో నిలుచుట న్యాయమా? ఈ ప్రశ్నకు “కాదు” అనియే మా సమాధానము. కాని సింగపూరు ఒక నగరము. అచ్చట ఏటేట పిలుపునకు వచ్చువారు వేలలోని వారు. అచ్చటి చట్టము అందరికి అందును. మనదేశమున అందదు. సమత్వముకొరకు నిర్బంధమును కోరుట, ఆ సమత్వమును నడుపగల యంత్రము లేనిచోట, అసమత్వమునకే ముద్రవేయుట యగును.

పాలమూరు యువకుని స్థితి చూడుడు. కృష్ణ, తుంగభద్రలు దక్షిణమున పారుచున్నను మెట్టభూములకు నీరు చాలక, వానలు నమ్మరాక, తరతరములుగ ఈ మండలపు జనులు గుంపుమేస్త్రీల వెంట దేశాంతరము పోయిరి. దేశమునందలి పెక్కు ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు మట్టిమోసినవారు వీరు. “పాలమూరు లేబరు” అను మాట వీరి కష్టమునకు కీర్తియు, మన పాలకులకు అపకీర్తియునై నిలిచినది. ముందుగ బయానా ఇచ్చి, కుటుంబమును లారీ యెక్కించి, నెలల తరబడి తిరిగిరానీయని ఆ పద్ధతియు వెట్టికి సోదరియే. అట్టి యింటి బిడ్డకు సైన్యోద్యోగము మర్యాదగల జీవనము. కావుననే తెల్లవారకముందే మైదానములలోను, రహదారుల ప్రక్కలను పరుగులెత్తు యువకులు కాననగుచున్నారు. వీరికి నిర్బంధము అక్కరలేదు, అవకాశము కావలయును.

ఆ అవకాశము తగ్గునను భయము కలిగినప్పుడేమైనదో 2022లో చూచితిమి. ఆ సంవత్సరము జూన్ 14న ప్రభుత్వము అగ్నిపథమను పథకమును ప్రకటించినది. చేరినవారు నాలుగేండ్లు పనిచేయవలయును. మొదటి యేట నెలకు 30,000 రూపాయలు, నాలుగవయేట 40,000 రూపాయలు. గడువు తీరినపుడు సుమారు 11.71 లక్షల సేవానిధి. అందు నూటికి ఇరువదియైదుగురిని మించక స్థిరముగ నిలుపుకొందురు. తక్కినవారికి పింఛను లేదు. మహమ్మారి కారణమున రెండేండ్లు సైన్యపు ఎంపికలు ఆగిపోయియుండగా నిరీక్షించుచున్న యువకుల యాశ ఒక్కసారి కూలినది. మూడవనాడు, జూన్ 17న, సికింద్రాబాదు రైలుస్టేషనున వారు చెలరేగి రైలుపెట్టెలకు నిప్పుపెట్టిరి. పోలీసుల కాల్పులలో ఒక యువకుడు మరణించెను. ప్రజల సొత్తును తగులబెట్టుట ఏ విధముగను సమర్థనీయము కాదు. కాని యొక విచిత్రమును గమనింపుడు. ఇతరదేశములలో యువకులు సైన్యమున చేరమని అలజడి చేయుదురు. మన యువకులు సైన్యమున నిలిచియుండ నీయరేమని అలజడి చేసిరి. ఇట్టి దేశమున నిర్బంధశాసనము ఎవరికొరకు?

నిరుద్యోగము యువకుని ఎంతదూరము తీసికొనిపోవునో తెలుపు మరియొక దుఃఖకరవృత్తాంతము కలదు. రష్యాలో సహాయకపు పని యని చెప్పి దళారులు మన యువకులను మభ్యపెట్టి పంపగా, వారిలో కొందరు యుక్రెయిను యుద్ధరంగమునకు చేరిరి. 2024లో ఈ వార్త వెలువడినపుడు, హైదరాబాదు యువకుడొకడు అచ్చట మరణించెనని తెలిసినది. చిక్కుకొనినవారిలో ఉమ్మడి పాలమూరుమండలపు నారాయణపేట బిడ్డయు నుండెను. అదే యేట కొందరు స్వదేశము చేరగలిగిరి. పరుల యుద్ధమున పరుల ఆజ్ఞకు లోబడి నిలుచుటకంటె ఘోరమైన నిర్బంధమేది? ఆ నిర్బంధమునకు శాసనము కారణము కాదు. ఇంటిలోని అప్పు కారణము. యువకులకు క్రమశిక్షణ లేదని ధర్మోపదేశము చేయువారు మొదట ఈ అప్పును గూర్చి మాటాడవలయును.

అట్లని దేశరక్షణమును ఇతరుల కప్పగించి మనము చేతులు ముడుచుకొని కూర్చుండవలయునని మా యభిప్రాయము కాదు. చేయదగిన కార్యములు పెక్కు కలవు. క్యాడెట్ కోరు శిక్షణ పట్టణపు కళాశాలలలో మాత్రమేగాక అచ్చంపేట, మక్తల్, కోస్గి, కొల్లాపురము వంటి చోట్ల చదువు బాలబాలికలందరికి అందునట్లు చేయవలయును. ఎంపికలకు సిద్ధపడు బీదయువకులకు మైదానము, పుష్టికరమైన భోజనము, గణితము నేర్పు ఉపాధ్యాయుడు కావలయును. భువనగిరియందు బాలికలను సాయుధదళములకు సిద్ధపరచు గురుకుల డిగ్రీకళాశాల నడుచుట ఆనందదాయకము. అట్టివి ప్రతి మండలమునకును కావలయును. నాలుగేండ్లు సేవచేసి తిరిగివచ్చు అగ్నివీరుల విషయమున 2022లో కేంద్రప్రభుత్వము సాయుధపోలీసు దళములలో నూటికి పది యుద్యోగములు ప్రత్యేకింతుమని ప్రకటించినది. మొదటి జట్టు 2023 ఆరంభమున శిక్షణలో చేరినది గావున, వారి గడువు 2027 ఆరంభమునకు తీరును. ఆ వాగ్దానము కాగితముపై నిలుచునో, ఇంటికి చేరునో మనము కనిపెట్టియుండవలయును. శిక్షణ పొందిన యువకుడు ఇరువదియైదేండ్ల ప్రాయమున మరల గుంపుమేస్త్రీ వెంట పోవలసివచ్చిన యెడల, అది అతనికేగాక దేశమునకును తలవంపు.

ఒకవేళ మహావిపత్తు సంభవించి, నిర్బంధసేవ తప్పనిదినము వచ్చునేని, అప్పుడు మనము కోరవలసిన నిబంధనలను ఇప్పుడే నిశ్చయించుకొనుట మేలు. పిలుపు చీటిమూలమున, బహిరంగముగ జరుగవలయును. చదువుపేర, ధనముపేర, విదేశప్రయాణముపేర విముక్తి యుండరాదు. రాజ్యాంగములోని నిషేధము మతము, జాతి, కులము, వర్గము అను నాల్గింటిని పేర్కొన్నది గాని స్త్రీపురుషభేదమును పేర్కొనలేదు. ఆ సంగతి శాసనసభ ముందుగనే చర్చించి తేల్చవలయును. మనస్సాక్షి కారణమున ఆయుధము పట్టనొల్లనివానికి ఆసుపత్రులలోనో, కాలువలమీదనో సమానకాలపు సేవ యుండవలయును. సేవకు పిలువబడినవానిని ఏ యధికారియు తన యింటిపనికి వాడుకొనరాదు. ఈ కడపటి నిబంధన చిన్నదిగ తోచవచ్చును. అధికారి సామాను మోసిన తాతలు గల పాలమూరువారికి అది చిన్నది కాదు.

2020 జూన్ 15 రాత్రి గాల్వాను లోయలో చైనావారి నెదిర్చి ప్రాణములర్పించిన కర్నలు సంతోష్ బాబు ఉమ్మడి నల్లగొండమండలపు సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనికపాఠశాలలో చదివి, తనంతట తాను ఆ మార్గమును వరించినవాడు. మరుసటియేట ప్రభుత్వము ఆయనకు మహావీరచక్రమును ప్రకటించినది. తన దళమునకు ముందు నడిచిన ఆ యోధుని ఏ శాసనమును నిర్బంధింపలేదు. అట్టి సంకల్పమును శాసనము పుట్టింపజాలదు; ఇల్లు, పాఠశాల, గ్రామము కలసి పుట్టింపవలయును.

కావున పాఠకమహాశయులకు మా విన్నప మిది. నిర్బంధసేవ కావలయునని సభలలో చేయెత్తుటకు ముందు, ఆ రాత్రి ఇంటికి పోయి ఒక్క ప్రశ్న వేసికొనుడు. రేపు మన గ్రామమునకు పదిపేర్ల లెక్క వచ్చిన యెడల, మొదటి పేరుగ మన కుమారుని పేరు వ్రాయుదుమా? వ్రాయుదుమని నిండుమనసుతో చెప్పగలవారు నిర్బంధమును కోరుటకు అర్హులు. చెప్పలేనివారు, ఆ పదిపేర్లు ఏ పేటనుండి వ్రాయబడునో ఎరిగియే ఆ మాట పలుకుచున్నారని ఒప్పుకొనవలయును. మన పెద్దలు వెట్టిని దౌరా గుడారములనుండి, గడీలనుండి తరిమివేయుటకు ఒక తరము పట్టినది. దేశభక్తియను పట్టుదుస్తులు కట్టి అది మరల మన ఊళ్లలోనికి రాకుండ కాపాడుట ఈ తరము బాధ్యత.